స్కూల్ వ్యాన్ డ్రైవర్ మీద డ్రంక్ అండ్ డ్రైవ్ కేసు ఉందేమో కోర్టు రికార్డుల్లో ఎట్లా చూడాలి? నెల్లూరు వాళ్లు కాస్త చెప్పండి

పాప వాళ్లమ్మ, వేదాయపాళెం

నమస్తే అండీ. మా పాప రెండో తరగతి, వేదాయపాళెం నుంచి స్కూలుకి వ్యాన్‌లో పోయొస్తుంది. వ్యాన్ స్కూలు వాళ్లు కాంట్రాక్టుకి పెట్టిందే. సంక్రాంతి సెలవుల తర్వాత పాత డ్రైవర్ మానేశాడు, కొత్తాయన వచ్చాడు. మనిషి మర్యాదగానే ఉంటాడు, పిల్లల్ని పేర్లు పెట్టి పిలుస్తాడు, టైముకి వస్తాడు. అయితే మా లైన్‌లో ఇద్దరు ముగ్గురు పేరెంట్స్ ఏమంటున్నారంటే, ఆయన పోయిన సంవత్సరం బుచ్చి (బుచ్చిరెడ్డిపాళెం) దగ్గర తాగి బండి నడుపుతూ దొరికాడని, కోర్టుకి పోయి ఫైన్ కట్టి వచ్చాడని. ఇంకొకాయనేమో అది ఈయన కాదు, అదే పేరుతో ఇంకో డ్రైవర్ ఉన్నాడు అంటాడు. వ్యాన్‌లో వచ్చే ఆయా ఒకరోజు పొద్దున్నే వాసన వచ్చిందని మా పక్కింటామెతో అన్నదంట, నేను పోయి అడిగితే నేనట్లా అనలేదమ్మా అంది. ఆమె ఉద్యోగం ఆమెది, ఇంకేం అడుగుతాం.

స్కూల్లో ట్రాన్స్‌పోర్ట్ చూసే ఆయన్ని అడిగితే లైసెన్స్ ఉంది, ఇన్సూరెన్స్ ఉంది, మీరు టెన్షన్ పడొద్దు మేడమ్ అని పంపించేశాడు. లైసెన్స్ జిరాక్స్ మాత్రం చూపించాడు, పేరు, నంబరు రాసుకొచ్చాను. పేరు ఇక్కడ పెట్టను, తప్పు ఆయనది కాకపోతే ఉసురు తగులుతుంది. మన జిల్లాలో ప్రతి వీధిలోనూ ఉండే పేరే అనుకోండి.

నాకు కావాల్సింది ఏందంటే, కోర్టులో ఇట్లాంటి కేసు నడిచి ఉంటే దాన్ని బయటి మనిషి చూడొచ్చా? లాయర్‌ని పెట్టుకోవాలా? ఫోన్లో కోర్టు కేసుల వివరాలు చూపించే ఈకోర్ట్స్ యాప్ వేసుకుని పేరు కొడితే ఒకసారి ఏమీ రాలేదు, ఇంకోసారి బోలెడు పేర్లు వచ్చాయి, ఏది ఎవరిదో అర్థం కాలేదు. ఈ-చలానా సైట్‌లో వ్యాన్ నంబరు కొడితే సిగ్నల్ దాటిన చలానా ఒకటి తప్ప ఏమీ లేదు. ఎవరో చెప్పిన మాట పట్టుకుని ఒక మనిషి పొట్ట కొట్టడం నాకిష్టం లేదు, అట్లాగని చూడకుండా పాపని ఎక్కించడం కూడా నావల్ల కావడం లేదు.


ప్లీడర్, కావలి

అమ్మా, క్రిమినల్ కోర్టులో నడిచిన ఇట్లాంటి కేసు రహస్యమేం కాదు. విచారణ అందరి ముందే జరుగుతుంది, కేసు వివరాలు ఈకోర్ట్స్‌లో ఎవరైనా చూడొచ్చు, దానికి లాయర్ అక్కర్లేదు, పైసా కట్టక్కర్లేదు. కాకపోతే ఎక్కడ వెతకాలో తెలియాలి.

ఈ-చలానా సంగతి వదిలెయ్యండి. సిగ్నల్ దాటాడనో హెల్మెట్ లేదనో వేసే చలానా బండి నంబరు మీద పడుతుంది, ఇంట్లో కూర్చుని ఫోన్లో కట్టేస్తాం. తాగి నడపడం అట్లా కాదు, ఆ కేసు మనిషి మీద. ఆయన అప్పుడు వేరే ఎవరిదో ఆటో నడుపుతూ దొరికి ఉంటే మీ వ్యాన్ నంబరు కింద ఎన్నేళ్లు వెతికినా రాదు. మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 185 ఇది. 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు దాటి ఆల్కహాల్ ఉన్నట్టు బ్రెత్ అనలైజర్‌లో తేలితే కేసు రాస్తారు. రోడ్డు మీదే డబ్బు కట్టించుకుని వదిలేసే నేరాల పట్టిక సెక్షన్ 200లో ఉంది, అందులో 185 లేదు. కాబట్టి దొరికిన మనిషి మేజిస్ట్రేట్ ముందు నిలబడాల్సిందే, నిలబడితే కోర్టులో ఒక నంబరు పుడుతుంది. మీరు వెతకాల్సింది ఆ నంబరు.

మన దగ్గర ఈ కేసులు ఎక్కువగా ఎస్‌టీసీ అనే రకం కింద ఉంటాయి, అంటే సమ్మరీ ట్రయల్ కేసు. పెద్ద కేసుల్లాగా సీసీ, అంటే క్యాలెండర్ కేసు, నంబరు పడదు. యాక్సిడెంట్ కూడా జరిగి ఎవరికైనా దెబ్బలు తగిలి ఉంటే అప్పుడు ఎఫ్ఐఆర్, చార్జిషీటు, సీసీ నంబరు, అదంతా వేరే దారి. వట్టి చెకింగ్‌లో దొరికిన కేసుకి చాలాసార్లు ఎఫ్ఐఆరే ఉండదు, అందుకే ఎఫ్ఐఆర్ నంబరు మీద వెతికేవాళ్లకి ఏమీ దొరకక, కేసే లేదనుకుని వెళ్లిపోతారు.

యాప్‌లో కంటే కంప్యూటర్‌లో సైట్ తెరిస్తే సుఖం. కేస్ స్టేటస్‌లోకి పోయి రాష్ట్రం, జిల్లా, కోర్టు కాంప్లెక్స్ ఎంచుకోండి. దొరికిన చోటు ఏ కోర్టు కిందికి వస్తే అక్కడే కేసు నడుస్తుంది, మనిషి ఇల్లు ఎక్కడుందన్నది లెక్క కాదు. బుచ్చి దగ్గర అంటున్నారు కాబట్టి కోవూరు కాంప్లెక్స్‌లో చూడండి, నెల్లూరులో కూడా చూడండి. పార్టీ పేరు దగ్గర కనీసం మూడు అక్షరాలు కొట్టాలి, సంవత్సరం ఇవ్వాలి. ఆ సంవత్సరం కేసు కోర్టులో రిజిస్టర్ అయినది, పోలీసులు పట్టుకున్నది కాదు. డిసెంబర్‌లో దొరికినవాడి కేసు జనవరిలో నంబరు అయి ఉండొచ్చు, అందుకని అటూ ఇటూ ఒక్కో ఏడాది మార్చి చూడండి. మీకు మొదటిసారి ఏమీ రాకపోవడానికి కారణం బహుశా పెండింగ్ అనే బటన్ మీదే ఉంచి ఉంటారు. ఫైన్ కట్టేసిన కేసు డిస్పోజ్డ్‌లో ఉంటుంది. బోత్ అని పెట్టుకోండి.

ఇక పేరు స్పెల్లింగ్. ఇది మన జిల్లాలో పెద్ద తలనొప్పి. పెంచలయ్య అనే పేరుని ఇంగ్లీషులో ఒక స్టేషన్‌లో ఒక రకంగా రాస్తారు, పక్క స్టేషన్‌లో ఇంకో రకంగా రాస్తారు, వెంకటేశ్వర్లుకయితే ఎన్ని రకాలో చెప్పలేం. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా ఉంటుంది, ఒకచోట ఒక్క అక్షరం, ఒకచోట అసలుండదు. కాబట్టి పూర్తి పేరు కొట్టొద్దు. పేరులో ఎవరూ తప్పు రాయలేని మొదటి నాలుగైదు అక్షరాలు కొట్టండి, లిస్టు పొడుగ్గా వస్తుంది, ఎస్‌టీసీ అని ఉన్నవే చూసుకుంటూ పోండి. ఒక్కోదాని మీద వ్యూ నొక్కితే లోపల చట్టం, సెక్షన్ ఉంటాయి. మోటారు వాహనాల చట్టం 185 అని ఉంటేనే మీకు పని. దొరికితే సీఎన్‌ఆర్ నంబరు, అంటే ఆ కేసుకి మాత్రమే ఉండే గుర్తింపు నంబరు, రాసుకోండి, ఏపీతో మొదలయ్యే 16 అంకెలూ అక్షరాలూ. అది చేతిలో ఉంటే తర్వాత ఏ పనికైనా మళ్లీ ఈ వెతుకులాట ఉండదు.


రిటైర్డ్ కోర్టు ఉద్యోగి, ఒంగోలు

ప్లీడర్ గారు దారి సరిగ్గా చెప్పారు. నేను చాలా ఏళ్లు బెంచ్ క్లర్క్‌గా చేశాను కాబట్టి కాగితం వైపు సంగతి చెప్తాను.

అమ్మాయ్, సైట్‌లో పేరు కనిపించగానే ఈయనే అని అనుకోవద్దు. సైట్‌లో ముద్దాయి పేరు ఉంటుంది, చాలా కేసుల్లో అంతకు మించి ఉండదు. తండ్రి పేరు, ఊరు ఎక్కించకుండా వదిలేసినవి ఎన్నో. ఎస్‌టీసీల్లో తీర్పు కాపీ అప్‌లోడ్ చేయడం కూడా తక్కువే, ఎందుకంటే వీటిలో పేజీలకు పేజీలు తీర్పు ఉండదు. సమ్మరీ ట్రయల్‌లో మేజిస్ట్రేట్ గారు ఏమేం రాయాలో చట్టమే చెప్పింది. క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలో 263, ఇప్పుడు 2024 జూలై 1 నుంచి నడుస్తున్న బీఎన్ఎస్ఎస్‌లో 286. అందులో కేసు వరస నంబరు, నేరం జరిగిన తేదీ, ఫిర్యాదు తేదీ, ఫిర్యాదుదారు పేరు, ముద్దాయి పేరు, తండ్రి పేరు, నివాసం, నేరం ఏమిటి, ముద్దాయి ఒప్పుకున్నాడా లేదా, కోర్టు ఏం తేల్చింది, శిక్ష ఎంత, ఏ తేదీన ముగిసింది, ఇవన్నీ ఉండాలి. మీకు కావలసింది సరిగ్గా అదే కాగితం. తండ్రి పేరు, ఊరు కలిస్తే ఆయనే, తండ్రి పేరు కలవకపోతే కాదు. మిగతా ఎవరి మాటా వినక్కర్లేదు.

ఆ కాగితం సర్టిఫైడ్ కాపీగా తీసుకోవాలంటే కాపీ అప్లికేషన్ వెయ్యాలి, మేం సీఏ అంటాం. కేసులో పార్టీ అయితే అడిగిన వెంటనే ఇస్తారు. మీరు పార్టీ కాదు, థర్డ్ పార్టీ. అట్లాంటప్పుడు నాకు ఈ కాపీ ఎందుకు కావాలి అని కారణం చూపిస్తూ అఫిడవిట్‌తో పిటిషన్ పెట్టుకుంటే కోర్టు చూసి ఉత్తర్వు ఇస్తుంది. బీఎన్ఎస్ఎస్ 404లో ఈ కాపీల సంగతి ఉంది, పాతదాంట్లో 363. తీర్పు వల్ల ప్రభావం పడినవాళ్లకి ఇవ్వడం ఒకటి, మిగతావాళ్లకి హైకోర్టు పెట్టిన నియమాల ప్రకారం ఇవ్వడం ఒకటి. కాపీ తీసుకున్నాక వెనక ముద్ర చూడండి, అప్లికేషన్ పెట్టిన తేదీ, చార్జీలకు పిలిచిన తేదీ, కట్టిన తేదీ, కాపీ సిద్ధమైన తేదీ, ఇచ్చిన తేదీ వరసగా ఉంటాయి. చార్జీలకు పిలిచినప్పుడు నోటీసు బోర్డు మీద పెడతారు, చాలామంది అది చూసుకోక కాపీ ఎందుకు రాలేదని తిరుగుతుంటారు. టైములో కట్టకపోతే అప్లికేషన్ కొట్టేస్తారు, మళ్లీ మొదటికొస్తుంది.

సమాచార హక్కు కింద అడుగుదాం అని ఎవరైనా సలహా ఇస్తే వద్దని చెప్పండి. కోర్టు కేసు కాగితాలకి కోర్టు నియమాల దారే పోవాలని, ఆర్‌టీఐ దారి కాదని సుప్రీంకోర్టు 2020 మార్చిలో గుజరాత్ హైకోర్టు కేసులో చెప్పేసింది.

ఇంకొకటి, ప్రకాశం వాళ్లకి పనికొచ్చేది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చినప్పుడు కందుకూరు నెల్లూరులోకి పోయింది, గూడూరు తిరుపతిలోకి పోయింది. కోర్టులు మాత్రం వెంటనే అట్లా మారలేదు, పాత జిల్లా యూనిట్ల కిందే నడిచాయి. కాబట్టి కందుకూరు కేసు నెల్లూరు లిస్టులో లేదని వదిలెయ్యకుండా ప్రకాశంలో చూడాలి, గూడూరు, నాయుడుపేట కేసులు నెల్లూరులో చూడాలి. కంప్యూటర్ దగ్గర ఇబ్బంది అయితే కోర్టు కాంప్లెక్స్‌లో ఈ-సేవా కేంద్రం ఉంటుంది, అక్కడి మనిషిని అడిగితే కేసు స్టేటస్ తీసి చూపిస్తారు. మరీ పాత కేసులయితే ఆశ పెట్టుకోవద్దు, చిన్న కేసుల రికార్డు ఎల్లకాలం ఉంచరు, గడువు తీరాక నాశనం చేస్తారు.


పాప వాళ్లమ్మ, వేదాయపాళెం

అన్నా, సార్, ఇద్దరికీ దండాలు. నిన్న రాత్రి పాప పడుకున్నాక మా ఆయన ల్యాప్‌టాప్‌లో కూర్చుని మీరు చెప్పినట్టే బోత్ పెట్టి చూశాను. కోవూరులో 185 ఉన్నది ఆ పేరుతో ఏదీ లేదు. నెల్లూరులో రెండున్నాయి. ఒకటి ఎస్‌టీసీ, ముద్దాయి పేరు లైసెన్స్‌లో ఉన్నట్టే ఉంది, ఇంటిపేరు మాత్రం ఒక్క అక్షరమే, అది ఈయన ఇంటిపేరు మొదటి అక్షరమే. ఫిర్యాదుదారు దగ్గర ట్రాఫిక్ పోలీస్ స్టేషన్ అని ఉంది. సెక్షన్ 185. కేసు ఫైల్ అయిన తేదీ, ముగిసిన తేదీ ఒకటే. ఆర్డర్ చూద్దామంటే లింకే లేదు. ఎఫ్ఐఆర్ గడి ఖాళీ. రెండోది సీసీ, ఇంకా పెండింగ్, దాంట్లో సెక్షన్లు వేరేవి, పేరు కూడా ఒక అక్షరం తేడా.

ఒకటే రోజు ఫైల్ అయి ఒకటే రోజు ముగిసిందంటే ఏమనుకోవాలి? కేసు కొట్టేశారా?

వాట్సాప్ గ్రూపులో ఒకామె స్క్రీన్‌షాట్ పెట్టు అక్కా, అందరం కలిసి స్కూలు మీదికి పోదాం అంటోంది. నేనింకా పెట్టలేదు.


ప్లీడర్, కావలి

పెట్టొద్దమ్మా. అది పక్కాగా ఆయనే అని తేలేదాకా అసలు పెట్టొద్దు, తేలాక కూడా గ్రూపులో పెట్టాల్సిన పని లేదు. వేరేవాళ్ల కేసు ఈయనకు అంటగట్టినట్టయితే పరువు నష్టం కిందికి వస్తుంది, నేరాలకు శిక్షలు చెప్పే చట్టం బీఎన్ఎస్‌లో 356, అది పెట్టినవాళ్ల మీదికి వస్తుంది, కలిసి పోదాం అన్నవాళ్ల మీదికి రాదు.

ఒకే రోజు ఫైల్ అయి ముగిసిందంటే కొట్టేశారని కాదు. ఇట్లాంటి కేసుల్లో మామూలుగా ముద్దాయిని పోలీసులు ఆ రోజే తీసుకొచ్చి నిలబెడతారు, ఆయన తప్పు ఒప్పుకుంటాడు, మేజిస్ట్రేట్ గారు ఫైన్ వేస్తారు, సాయంత్రానికి కట్టి వెళ్లిపోతారు. లోపల నేచర్ ఆఫ్ డిస్పోజల్ అని ఒక గడి ఉంటుంది, అక్కడ కన్విక్టెడ్ అనో ఫైన్ అనో ఉంటే శిక్ష పడినట్టు, అక్విటెడ్ అంటే నిర్దోషి. ఆ ముక్క చూడండి. ఆ సీసీ పెండింగ్ దాని జోలికి పోవద్దు, సెక్షన్ వేరు, పైగా తేలని కేసు.

ఫైన్ అంకె కూడా కాపీలో చూడండి. 2019 సెప్టెంబర్ 1 నుంచి మొదటిసారికి 6 నెలల వరకు జైలు గానీ 10 వేలు ఫైన్ గానీ రెండూ గానీ, మళ్లీ దొరికితే 2 సంవత్సరాల వరకు జైలు, 15 వేలు ఫైన్, లేదా రెండూ. దాన్ని బట్టి కోర్టు ఆయన్ని మొదటిసారి వాడిగా చూసిందా, పాత కేసు కూడా ఉందా అన్నది కొంత తెలుస్తుంది.


కందుకూరు అబ్బాయి

అక్కా, గ్రూపులో పెట్టకపోవడం చాలా మంచి పని చేశారు. ఇది మా ఇంట్లో జరిగిన సంగతి కాబట్టి గట్టిగా చెప్తున్నా. మా బాబాయి లారీ డ్రైవర్. సింగరాయకొండ దగ్గర ఒక ట్రాన్స్‌పోర్ట్‌లో పనికి పోతే, వాళ్లు ఎవరిచేతనో ఫోన్లో పేరు కొట్టించి నీ మీద తాగి నడిపిన కేసు ఉంది, పో అన్నారు. ఆయన జన్మలో మందు ముట్టలేదు. అదే పేరు, అదే ఇంటిపేరు అక్షరం, వేరే మండలం మనిషి. ఎంత మొత్తుకున్నా వినలేదు. చివరికి ఆయనే లాయర్‌ని పట్టుకుని ఆ కేసు కాపీ తీయించుకుంటే అందులో తండ్రి పేరు వేరు, ఊరు వేరు. ఆ కాపీ ఇప్పటికీ లారీ డ్యాష్‌బోర్డులో ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తిరుగుతాడు, ఎవరు అడిగినా తీసి చూపిస్తాడు. తాను చేయని నేరానికి కాగితం మోసుకు తిరగాల్సి రావడం ఎంత అన్యాయమో చూడండి. ఆ సమయంలో మా పిన్ని పడిన బాధ నేను చూశాను.

అట్లాగని రికార్డు చూడొద్దని నేను అనను, పిల్లల బండి అది. తండ్రి పేరు దాకా చూసి అప్పుడు మాట్లాడండి, అంతే.

ఇంకో మాట. తాగి దొరికాడు అని జనం అనేదాంట్లో రెండు రకాలుంటాయి. రోడ్డు మీద తాగి గొడవ చేసినవాడి మీద కూడా కేసు పెడతారు, అది బీఎన్ఎస్ 355, దాంట్లో 24 గంటల జైలు, వెయ్యి రూపాయల దాకా ఫైన్, లేదంటే సమాజ సేవ. బండికీ దానికీ సంబంధం లేదు. ఆ సెక్షన్ చూసి డ్రంక్ అండ్ డ్రైవ్ అనుకోవద్దు.


డ్రైవింగ్ స్కూల్ నడుపుతాను, ఒంగోలు

చాలా మంచి చర్చ. కోర్టు పక్కన రవాణా శాఖ వైపు కూడా ఒక కన్నేయాలి. సెక్షన్ 20 ప్రకారం 185 కింద శిక్ష వేసిన కోర్టు ఆ మనిషిని కనీసం 6 నెలలు లైసెన్స్‌కి అనర్హుడని ఉత్తర్వు ఇవ్వాలి. అది కాక ఆర్టీఓ వాళ్లకి సస్పెండ్ చేసే అధికారం సెక్షన్ 19 కింద విడిగా ఉంది. పరివాహన్ సారథి సైట్‌లో లైసెన్స్ నంబరు, పుట్టిన తేదీ కొడితే లైసెన్స్ యాక్టివ్‌గా ఉందా, సస్పెన్షన్‌లో ఉందా చూపిస్తుంది. నంబరు మీ దగ్గర ఉంది, పుట్టిన తేదీ ఆ జిరాక్స్‌లోనే ఉంటుంది, స్కూలు వాళ్లని మీ ముందే కొట్టి చూపించమనండి. అనర్హత నడుస్తున్న రోజుల్లో ఆయన పిల్లల వ్యాన్ తోలుతుంటే అది వేరే నేరం, ఆ బండికి ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ మేం కట్టం అని అడ్డం తిరిగే అవకాశం కూడా ఉంది. చట్టంలో సెక్షన్ 150లో కంపెనీ ఎత్తుకోదగ్గ అభ్యంతరాల్లో అనర్హత ఉంది, తాగి నడపడం కూడా ఉంది. ఇన్సూరెన్స్ ఉంది మేడమ్ అని ఆ ట్రాన్స్‌పోర్ట్ ఆయన అన్నాడే, ఆయనకి ఈ మాట చెప్పండి, అప్పుడు వింటాడు.

నా ఉద్దేశంలో ఈ భారమంతా ఒక తల్లి మోయడం సరికాదు. డ్రైవర్‌ని పెట్టుకునేముందు విచారించాల్సింది స్కూలు. మీది సీబీఎస్ఈ స్కూల్ అయితే బోర్డు ఇచ్చిన రవాణా మార్గదర్శకాల్లో ఈ సంగతి సూటిగా ఉంది, తాగి నడిపినందుకు గానీ అతివేగానికి గానీ ఒక్కసారి చలానా పడిన డ్రైవర్‌ని కూడా పెట్టుకోకూడదు. స్టేట్ సిలబస్ స్కూలే అయినా అడిగే హక్కు మీకుంది. ఫోన్లో అడగొద్దు, కాగితం మీద రాసి ఇవ్వండి, ఇచ్చినట్టు సంతకం తీసుకోండి. ఈ డ్రైవర్ మీద సెక్షన్ 185 కేసు ఏదైనా ఉందా అన్నది మీరు విచారించారా, విచారిస్తే ఏం తేలింది, ఈ రెండే ప్రశ్నలు. వ్యాన్‌లో వచ్చే పిల్లల తల్లిదండ్రులు అందరూ సంతకం పెడితే ఇంకా మంచిది. మామూలుగా స్కూళ్లు నోటిమాటకి చలించవు, రేపు ఏదైనా జరిగితే ఆ కాగితం మేజిస్ట్రేట్ ముందు ఉంటుంది కాబట్టి దానికి చలిస్తాయి.

ఇంకొకటి అడగండి. ఆర్టీసీ డిపోల్లో డ్రైవర్ డ్యూటీ ఎక్కేముందు బ్రెత్ అనలైజర్‌లో ఊదిస్తారు, మీరు చూసే ఉంటారు. ఆ మిషను బస్సు ఖరీదు ముందు లెక్కలోది కాదు. పొద్దున వ్యాన్లు బయల్దేరే ముందు డ్రైవర్లందరి చేతా ఊదించి రిజిస్టర్లో రాయించమనండి. ఆ ఒక్క పని చేస్తే పాత కేసు ఉన్నా లేకపోయినా ఇవాళ పొద్దున్నే తాగి ఎక్కాడా లేదా అన్నది తేలిపోతుంది, మీకు నిజంగా కావాల్సింది అదే కదా. ఒక్కాయన్నే ఊదించొద్దు, అందరినీ ఊదించాలి, అప్పుడు ఎవరికీ అవమానం ఉండదు.


పాప వాళ్లమ్మ, వేదాయపాళెం

ఈ ఊదించే ఆలోచన నాకసలు తట్టలేదు అన్నా. మా ఆయనతో చెప్తే ముందు అది అడుగుదాం, కేసు సంగతి నిదానంగా చూద్దాం అన్నాడు. నాకైతే రెండూ చేయాలనే ఉంది.

నేచర్ ఆఫ్ డిస్పోజల్ దగ్గర చూశాను, కన్విక్టెడ్ అనే ఉంది. ఇప్పుడు అది ఈయనా కాదా అన్నదే మిగిలింది. స్కూలుకి లెటర్ రాస్తున్నాం, పదిమంది దాకా సంతకం పెడతామన్నారు. లెటర్లో డ్రైవర్ పేరు రాయకుండా, స్కూలు వ్యాన్లు నడిపే డ్రైవర్లందరి గురించీ అడుగుతున్నాం. ఆయన కూడా మా దగ్గర పని చేసే మనిషే, నిజంగా ఆయన కాకపోతే రేపు మొహం ఎట్లా చూపిస్తాం.

సార్, ఒకవేళ స్కూలు పట్టించుకోకపోతే నేనే కాపీకి పోతాను. అఫిడవిట్‌లో ఏం రాయాలి? ఆడమనిషిని ఒక్కదాన్నే కోర్టుకి పోతే ఎవరైనా పలుకుతారా?


రిటైర్డ్ కోర్టు ఉద్యోగి, ఒంగోలు

ఎందుకు పలకరమ్మా, పలుకుతారు. పొద్దున కోర్టు మొదలయ్యే టైముకి పోవద్దు, కేసులు పిలుస్తుంటారు, ఎవరికీ ఊపిరాడదు. మధ్యాహ్నం భోజనాల తర్వాత పోయి ఆ కోర్టు ఆఫీసులో సీఎన్‌ఆర్ నంబరు, ఎస్‌టీసీ నంబరు రెండూ రాసిన చీటీ ఇవ్వండి. నంబరు లేకుండా పేరు చెప్పి అడిగితే మాత్రం రిజిస్టర్లు తిప్పే ఓపిక ఎవరికీ ఉండదు.

అఫిడవిట్‌లో కథ రాయొద్దు. మీరెవరు, మీ పాప ఫలానా స్కూల్ వ్యాన్‌లో పోతుంది, ఆ వ్యాన్ డ్రైవర్ పేరు, ఈ కేసులో ముద్దాయి పేరు ఒకేలా ఉన్నాయి, ఆయనే అవునో కాదో నిర్ధారించుకోవడానికి, పిల్లల క్షేమం కోసం మాత్రమే కాపీ కావాలి, ఇంక దేనికీ వాడను, అంతే. ఆ చివరి మాట రాశాక దానికి కట్టుబడి ఉండాలి. లాయర్ ఫీజు బరువనిపిస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి పోండి, 15100కి ఫోన్ చేసినా దారి చెప్తారు. ఉచిత న్యాయ సహాయానికి మహిళలు ఆదాయంతో నిమిత్తం లేకుండా అర్హులే, చట్టంలో సెక్షన్ 12లో ఉంది. అఫిడవిట్ వాళ్ల ప్యానెల్ లాయరే రాసి పెడతారు.

కాపీ చేతికొచ్చాక తండ్రి పేరు లైసెన్స్ జిరాక్స్‌లో ఉన్నదానితో పోల్చండి, లైసెన్స్ మీద ఫలానావారి కుమారుడు అని ఉంటుంది. అడ్రస్ మారి ఉండొచ్చు, మనుషులు అద్దె ఇళ్లు మారుతుంటారు, అందుకని ఊరు ఒక్కటే చూసి కాదనుకోవద్దు. తండ్రి పేరు కలిస్తే ఆ కాపీ జిరాక్స్ ఒకటి స్కూల్ ప్రిన్సిపాల్ చేతికి, కవర్లో పెట్టి ఇచ్చి రండి. తండ్రి పేరు కలవకపోతే, ఆ మాట ముందు మీ లైన్‌లో పుకారు మొదలుపెట్టిన ఆ ఇద్దరు ముగ్గురికి చెప్పండి.